కవచమే బలం, కవచమే బలహీనత

తొలకరి వానలు పడి కాలువలకు కొత్తనీరు వదలిన నాటినుండి మన నగరం, రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతాలలో జ్వరాల ఋతువు మొదలవుతుంది. వాటిలో ఇంటిల్లిపాదినీ భయపెట్టే జ్వరం ఒకటున్నది. మూడు నాలుగు వారాలు గడువు పెట్టుకొని వచ్చినట్లు మనిషిని పట్టి ఉంచుతుంది కనుక ఉర్దూ మాట్లాడే మన పెద్దలు దానికి 'మియాదీ బుఖార్' అని పేరు పెట్టినారు. తెలుగు ఇండ్లలో ఇప్పుడందరూ టైఫాయిడ్ అనే అంటున్నారు. పేరు ఏదైనా రోగికి జరిగే మర్యాద ఒకటే. మొదటి రోజుననే ఆర్.ఎం.పి. డాక్టరు ఒక సెలైన్ సీసా, ఒక ఇంజెక్షను, నాలుగు రకాల బిళ్లలు ఇస్తాడు. తగ్గకుంటే మరునాడు మందు మారుతుంది. శత్రువు ఎవరో, అతడు ఏమి ధరించి వచ్చినాడో విచారించే ఓపిక రోగికీ లేదు, వైద్యునికీ లేదు. శత్రువు ధరించిన కవచాన్ని తెలుసుకొనకుండా చేసే యుద్ధం అంధుని విలువిద్య వంటిదనీ, ఆ కవచాన్ని గుర్తించే ఏర్పాటు మన పట్టణాలలోనే ఉండవలెననీ నా అభిప్రాయం. అందుకు ఆధారమైన శాస్త్రవిషయాలను పాఠకుల ముందుంచి, తరువాత నా వాదాన్ని వినిపిస్తాను.

అనేక బాక్టీరియాలు తమ కణకుడ్యానికి వెలుపల జిగురు వంటి ఒక పొరను కట్టుకొంటాయి. మన పాఠ్యపుస్తకాలు దీనిని గుళిక అంటున్నవి. అధికభాగం చక్కెర అణువుల గొలుసులతోను, నీటితోను నిర్మితమైన ఈ పొరను నేను కవచమనే అంటాను. ఉర్దూ విద్యార్థులు జిరహ్-బక్తర్ అనుకొనవచ్చును. మన రక్తంలోని తెల్లకణాలు సూక్ష్మజీవులను పట్టి మింగుతాయి. రక్తద్రవంలోని కొన్ని ప్రోటీనులు వాటి గోడలకు రంధ్రాలు పొడుస్తాయి. జిగురు కవచం ఉన్నచోట తెల్లకణానికి పట్టు దొరకదు. ప్రోటీనులకు గోడ అందదు. అందుచేత కవచం గల జీవి రక్తంలో నిర్భయంగా సంచరిస్తుంది. అదే జాతికి చెందిన కవచంలేని జీవి తరచుగా తొలి పోరాటంలోనే నశిస్తుంది.

ఇది ఊహ కాదనుటకు న్యుమోనియా కలిగించే న్యుమోకాకస్ చరిత్రయే సాక్ష్యం. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నునుపైన కాలనీలుగా పెరిగే కవచధారి న్యుమోకాకస్‌ను ఎలుకలకు ఎక్కించగా అవి చనిపోయినవి. గరుకు కాలనీలుగా పెరిగే కవచంలేని రకాన్ని ఎక్కించగా బ్రతికినవి. ఆయన చేసిన ఇతర ప్రయోగాలు తరువాత 1944లో ఏవరీ, మెక్‌లియోడ్, మెకార్టీలు డి.ఎన్.ఏ.యే వంశపారంపర్య పదార్థమని చూపుటకు దారితీసినవి గనుక విద్యార్థులందరికీ గ్రిఫిత్ పేరు తెలుసు. కాని ఆ కథకు పునాది కవచమన్న సంగతిని మనం మరచిపోతుంటాము. ఏవరీయే 1931లో రెనే డుబోస్‌తో కలిసి మరొక చిత్రమైన పని చేసినాడు. మట్టిలోని ఒక బాక్టీరియానుండి మూడవ రకం న్యుమోకాకస్ కవచాన్ని కరిగించే ఎంజైమును తీసి, రోగగ్రస్తమైన ఎలుకలకు ఇచ్చి వాటిని కాపాడినాడు. ఎంజైము సూక్ష్మజీవిని చంపలేదు. దాని వస్త్రాన్ని మాత్రం ఒలిచినది. మిగిలిన పనిని ఎలుక తెల్లకణాలే పూర్తిచేసినవి.

మన టైఫాయిడ్ జీవికీ ఇట్టి కవచమున్నది. 1934లో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థర్ ఫెలిక్స్, మార్గరెట్ పిట్ దానిని కనుగొని, ఎలుకలలో ఆ జీవి ఉగ్రతకు దానికీ గల సంబంధాన్ని గమనించి, ఉగ్రత అను అర్థమిచ్చే 'వైరులెన్స్' అనే ఆంగ్లపదపు తొలి రెండు అక్షరాలతో వి.ఐ. ప్రతిజనకమని పేరు పెట్టినారు. వి.ఐ. కవచం తన అడుగున ఉన్న మరొక ప్రతిజనకాన్ని మన రక్షణవ్యవస్థ కంటబడకుండా కప్పివేస్తుంది. రోగి శరీరం ఆలస్యంగా మేల్కొంటుంది. ఈ లోపల జీవి పేగునుండి రక్తానికి, రక్తంనుండి కాలేయానికి, ప్లీహానికి, ఎముకల మూలుగకు చేరి స్థిరపడుతుంది.

కవచం మారితే రోగచరిత్రయే మారగలదని మన పొరుగున ఉన్న మద్రాసు నగరం 1992లో చూపినది. అంతవరకు ప్రపంచంలోని కలరా మహమ్మారులకు కారణమైన ఓ-1 వర్గపు జీవికి కవచం లేదు. ఆ సంవత్సరం చివర మద్రాసులో వెలువడిన ఓ-139 అనే కొత్త రూపం కొత్త ఉపరితలాన్నీ, దానితోపాటు కవచాన్నీ ధరించి వచ్చినది. పాత కలరాకు అలవాటుపడిన పెద్దవారిని కూడ అది విడువలేదు. కొద్ది నెలలలో కలకత్తాకు, బంగ్లాదేశ్‌కు వ్యాపించినది. ఆ తరువాత అది తగ్గి, ఓ-1 రూపమే మళ్లీ ప్రధానమైనది. దుస్తులు మార్చుకొన్న పాతదొంగను కాపలాదారు గుర్తించలేకపోయిన కథ ఇది.

ఇక బాక్టీరియాకు కూడ శత్రువులున్నారు. వాటిపై పడి, లోపల ప్రవేశించి, వాటిని పగులగొట్టి బయటకు వచ్చే వైరసులను బాక్టీరియోఫేజ్‌లంటారు. 1915లో ఫ్రెడరిక్ ట్వోర్ట్ వీటి చర్యను వర్ణించినాడు. 1917లో ఫెలిక్స్ డెరెల్ వీటికి ఆ పేరు పెట్టి, రోగాలకు మందుగా వాడవచ్చునని ప్రకటించినాడు. ఈ చరిత్రలో భారతదేశానికి పెద్ద స్థానమున్నది. 1896లోనే హాంకిన్ అనే ఆంగ్లేయుడు గంగా యమునల నీటిలో కలరా జీవులు త్వరగా నశించుచున్నవని వ్రాసినాడు. అది ఫేజ్ ప్రభావమేనని తరువాత కొందరు భావించినారు గాని, ఆ ఒక్క పరిశీలననుండి అట్టి నిర్ణయానికి రాజాలము. 1927లో డెరెల్ స్వయంగా పంజాబునకు వచ్చి కలరా రోగులకు ఫేజ్ ఇచ్చి చూచినాడు. తరువాత అస్సాంలో గ్రామాల మేరకు ఈ ప్రయోగం కొన్నేండ్లు సాగినది. అయినను ఆ కాలపు వైద్యులలో అనేకులు ఏ రోగికి ఏ ఫేజ్ సరిపడునో పరీక్షించక, సీసాలలో దొరికిన దానిని దొరికినట్లు వాడినారు. ఫలితాలు ఒకచోట అద్భుతం, మరొకచోట శూన్యం. ఆంటీబయోటిక్‌లు రాగానే పాశ్చాత్య దేశాలు ఫేజ్‌ను మూలకు నెట్టినవి. జార్జియా దేశపు టిబిలిసీ వంటి కొన్ని చోట్ల మాత్రమే ఆ విద్య నిలిచినది.

ఆనాటి వైఫల్యానికి గల కారణాలలో ఒకటి మన కవచమే. ఫేజ్ బాక్టీరియాపై వాలుటకు దాని ఉపరితలంపై తగిన గుర్తు ఉండవలెను. అనేక ఫేజ్‌ల గుర్తు కణకుడ్యంపై ఉంటుంది. దట్టమైన కవచం దానిని కప్పివేయుటచే అవి తిరిగిపోతాయి. ఆ విధంగా కవచం రక్తకణాలను నిలిపినట్లే ఫేజ్‌ను కూడ నిలుపుతుంది. కాని ప్రకృతిలో తాళమున్నచోట తాళంచెవి కూడ పుట్టినది. కొన్ని ఫేజ్‌లు ఆ కవచాన్నే తమ గుర్తుగా చేసికొన్నవి. వాటి తోకముళ్లలో చక్కెర గొలుసులను తెంచే ఎంజైములున్నవి. అవి కవచాన్ని పట్టుకొని, కోసికొంటూ, దారి చేసికొని కణాన్ని చేరుతాయి. అట్టి ఫేజ్‌కు కవచం ఉన్న జీవియే ఆహారం. కవచం లేని జీవి దాని కంటికి ఆనదు. 1938లో కెనడాలో క్రేగీ, యెన్ అనే శాస్త్రజ్ఞులు వి.ఐ. కవచంపై వాలే ఫేజ్‌లతోనే టైఫాయిడ్ జీవులను రకాలుగా విభజించే పద్ధతిని నిర్మించినారు. ఏ ఊరి నీటినుండి ఏ రోగి వచ్చినాడో తేల్చుటకు అది దశాబ్దాలపాటు ప్రపంచమంతట ఉపకరించినది.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చినాము. ఫేజ్ బారినుండి తప్పించుకొనదలచిన బాక్టీరియాకు సులభమైన మార్గం కవచాన్ని విడిచిపెట్టుట. విడిచిన క్షణంలో అది ఫేజ్‌కు దొరకదు. కాని మన తెల్లకణాలకు దొరికిపోతుంది. ఇంద్రునికి కవచకుండలాలు దానమిచ్చిన కర్ణుని స్థితి దానికి ప్రాప్తిస్తుంది. దీనికి చక్కని ప్రయోగం ఇంగ్లండులో జరిగినది. 1982లో విలియమ్స్ స్మిత్, హగ్గిన్స్ అనే పరిశోధకులు మెదడుపొర వాపు వచ్చిన శిశువునుండి తీసిన ఇ. కోలై జీవిని ఎలుకలకు ఎక్కించినారు. ఆ జీవికి కె-1 అనే కవచమున్నది. దానిపై వాలే ఫేజ్‌ను ఒక్క మోతాదు ఇచ్చినప్పుడు కలిగిన మేలు, టెట్రాసైక్లిన్, ఆంపిసిలిన్, క్లోరాంఫెనికాల్ వంటి మందులను పలుమార్లు ఇచ్చినప్పటి మేలుకన్న అధికమని తేలినది. ఫేజ్‌కు లొంగని జీవులు కొన్ని పుట్టినవి. వాటిని పరీక్షింపగా అవి కె-1 కవచాన్ని కోల్పోయినవి. ఎలుకలను చంపే శక్తిని కూడ చాలవరకు కోల్పోయినవి. ఆంటీబయోటిక్‌కు లొంగని జీవి మునుపటివలెనే ప్రమాదకరంగా ఉండవచ్చును. కవచాన్ని గురిచూచే ఫేజ్‌కు లొంగని జీవి మాత్రం తన కోరలను తానే పెరికి పారవేసికొనవలసి వచ్చినది. ఇంతటి లాభకరమైన బేరం వైద్యశాస్త్రంలో అరుదు.

అయితే ఉత్సాహానికి హద్దు ఉండవలెను. బాక్టీరియా అన్నివేళలా కవచం విడువదు. కొన్ని దానిని మరొక రకంగా మార్చుకొంటాయి. కవచంలేని టైఫాయిడ్ జీవులు కూడ మన దక్షిణాసియాలో అరుదుగా రోగుల రక్తంలో కనిపించినవి. రోగనిరోధకశక్తి క్షీణించిన మనిషిలో కవచంలేని జీవి కూడ ప్రాణం తీయగలదు. పైగా టైఫాయిడ్ జీవి మన కణాలలోపలనే దాగికొనును. ఫేజ్ అక్కడికి చేరుట కష్టం. ఇక ఆసుపత్రులలో ప్రాణాంతకమైన క్లెబ్సియెల్లా అనే జీవికి సీరం పరీక్షతో గుర్తించిన కవచాలే 77 రకాలున్నవి. ఒక్కొక్క ఫేజ్ వాటిలో ఒకటి రెండు రకాలను మాత్రమే గుర్తిస్తుంది. కనుక ఫేజ్ అనునది కిరాణాకొట్టులో అందరికీ ఒకే కొలతతో అమ్మదగిన సరుకు కాదు. దర్జీ కొలత తీసి కుట్టే చొక్కా వంటిది. కొలత తీయని దర్జీ ఎట్టివాడో, కవచాన్ని పరీక్షించని ఫేజ్‌వైద్యుడు అట్టివాడు.

కవచజ్ఞానం మందులలోనే గాక టీకాలలో ఎంత ఫలించినదో చెప్పుటకు మన రాజధానిగా చిరకాలం ఉండిన హైదరాబాదునే ఉదాహరించవచ్చును. వి.ఐ. కవచాన్ని వేరుచేసి టీకాగా ఇచ్చుట పూర్వమే ఉన్నది. కాని రెండేండ్లలోపు పసివారి శరీరం చక్కెర గొలుసును ఒంటరిగా చూచి నేర్చుకొనలేదు. దానిని ధనుర్వాత విషంనుండి నిర్విషం చేసిన ప్రోటీనుతో జతచేసినప్పుడు ఆరునెలల శిశువు కూడ నేర్చుకొనును. ఇట్టి సంయుక్త టీకాను హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసినది. దానికి 2013లో మన దేశంలో అనుమతి లభించినది. నేపాల్ బాలలలో జరిగిన పరీక్షలో అది సుమారు 80 శాతం రక్షణ ఇచ్చినట్లు 2019లో ప్రకటింపబడినది.

ఇక్కడ ఒక చిత్రమైన సంఘటన గలదు. 2016 చివర పాకిస్తాన్ సింధురాష్ట్రంలోని హైదరాబాదు నగరంలో టైఫాయిడ్ చెలరేగినది. క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమోక్సజోల్, సిప్రోఫ్లోక్సాసిన్ మాత్రమే గాక సెఫ్ట్రియాక్సోన్ కూడ దానిపై పనిచేయలేదు. నోటిద్వారా ఇవ్వదగిన మందులలో అజిత్రోమైసిన్ దాదాపు ఒక్కటే మిగిలినది. మందులన్నిటినీ ఓడించిన ఆ జీవి తన వి.ఐ. కవచాన్ని మాత్రం మార్చుకొనలేదు. ఆ ఊరి బిడ్డలకు 2018లో మన హైదరాబాదు టీకా వేసినారు. 2019 నవంబరులో సింధు ప్రభుత్వం దానిని సాధారణ టీకాల పట్టికలో చేర్చినది. ఆ విధంగా చేర్చిన తొలిదేశంగా పాకిస్తాన్ నిలిచినది. దక్కను హైదరాబాదు పంపిన సీసా సింధు హైదరాబాదు బిడ్డలను కాచినది. సరిహద్దులకు రెండువైపుల గల రాజకీయాలు ఎట్లున్నను, సూక్ష్మజీవి కవచం ఉభయత్ర ఒకటే గనుక దానికి విరుగుడు కూడ ఒకటే అయినది.

మందుల ఓటమి మనకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలో వెలువడిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసినది. అదే సంవత్సరం క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్‌ను లొంగదీసినది. జ్వరానికి మియాదు తీరిపోయినదని జనం సంతోషించినారు. ఇరవైనాలుగు సంవత్సరాలకే, 1972లో, కేరళలోని కోళిక్కోడులో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ చెలరేగినది. తరువాత వచ్చిన ప్రతి మందుకూ అదే గతి పట్టుచున్నది. అనవసరంగా వేసే ప్రతి ఇంజెక్షనూ, సగంలో ఆపే ప్రతి కోర్సూ శత్రువునకు మనం ఉచితంగా ఇచ్చే శిక్షణ.

కనుక మన పట్టణాలకు మూడు విషయాలు అవసరమని నా మనవి. మొదటిది: జ్వరం మూడునాలుగు రోజులు తగ్గకుండిన రోగికి ఆంటీబయోటిక్ మొదలుపెట్టుటకు ముందు బ్లడ్ కల్చర్ తీయు సౌకర్యం తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రులలో ప్రతిదినం అందుబాటులో ఉండవలెను. 1896 నాటి వైడాల్ పరీక్షను చూచి టైఫాయిడ్ అని నిర్ణయించుట మన ప్రాంతంలో వాడుక. కాని టైఫాయిడ్ తరచు తిరిగే ప్రాంతంలో ఆరోగ్యవంతుని రక్తంలో కూడ ఆ ప్రతిదేహాలు ఉండవచ్చును. ఆ పరీక్ష జీవిని చూపదు. మందు దానిపై పనిచేయునో లేదో చెప్పదు. రెండవది: రోగులనుండి తీసిన జీవులను పారవేయక, జిల్లాస్థాయిలో ఒక ప్రయోగశాలలో భద్రపరచి, వాటి కవచరకాన్నీ, మందులకు అవి లొంగు తీరునూ నమోదుచేసి ప్రతి సంవత్సరం వైద్యులకు తెలియజేయవలెను. రేపు ఫేజ్‌వైద్యం ఆమోదం పొందిన నాడు ఈ పట్టికయే మన కొలతల పుస్తకం. మూడవది: టైఫాయిడ్ టీకా స్తోమత గలవారు డబ్బిచ్చి వేయించుకొను వస్తువుగా మిగిలిపోరాదు. జాలరిపల్లెల బిడ్డకు, కూలీ బిడ్డకు అది ముందుగా చేరవలెను. ఏలననగా కలుషితమైన నీరు ముందుగా చేరునది వారి గడపకే.

దీనిపై ఒక ఆక్షేపణ రాకపోదు. "కల్చర్ ఫలితానికి రెండుమూడు రోజులు పట్టును, కూలి పోగొట్టుకొను పేదవాడు అన్నాళ్లు ఆగునా? పైగా ఆ పరీక్షలో టైఫాయిడ్ రోగులందరూ పట్టుబడరు గదా" అని. ఈ మాటలో నిజమున్నది. టైఫాయిడ్ రోగులలో దాదాపు సగంమందికి మాత్రమే రక్తంలో జీవి దొరుకును. కాని రోగిని మందు లేకుండా కూర్చోబెట్టమని నేననుట లేదు. రక్తం ముందు తీసి, స్థితినిబట్టి వెంటనే మందు మొదలుపెట్టి, ఫలితం వచ్చిన తరువాత సరిదిద్దవచ్చును. పదిమందిలో నలుగురి రక్తంలో జీవి దొరికినా, ఆ నలుగురి ఫలితం మిగిలిన ఆరుగురికీ, వచ్చే సంవత్సరపు రోగులందరికీ దారి చూపును. పేదవాడు నష్టపోవునది రక్తపరీక్ష వలన కాదు. పనిచేయని మందును మూడుసార్లు మార్చి కొనుట వలన.

మన కళాశాల జీవశాస్త్ర విద్యార్థినీ విద్యార్థులకు కూడ ఇందులో పాత్రయున్నది. రోగకారక జీవులను కళాశాల ప్రయోగశాలలో పెంచుట తగదు, అది ప్రమాదకరం. కాని ప్రయోగశాలలలో వాడే నిరపాయమైన ఇ. కోలై రకాన్ని పళ్లెంపై పెంచి, కాలువనీటిని వడకట్టి దానిపై చల్లి, ఫేజ్‌లు తినివేసినచోట ఏర్పడే స్వచ్ఛమైన మచ్చలను అధ్యాపకుల పర్యవేక్షణలో చూడవచ్చును. మనం మురికి అని ముఖం త్రిప్పుకొనే నీటిలో రోగమూ దాని శత్రువూ పక్కపక్కనే ఉన్నారని ఆ పళ్లెం బోధించును. అయితే కాలువలో ఫేజ్‌లున్నవి గదా అని ఆ నీటిని కాచకుండ త్రాగుట మాత్రం మూర్ఖత్వం. ఫేజ్ తన ఆకలికోసం తినును. మన ఆరోగ్యంకోసం కాదు. శుభ్రతను విశ్వాసంలో భాగంగా నేర్చుకొన్న ఇండ్లనుండి, మడికి విలువనిచ్చిన ఇండ్లనుండి వచ్చిన మనకు మరిగించిన నీటి మహిమను వేరుగా చెప్పనవసరం లేదు. క్లోరిన్ వేసిన ఊరి ట్యాంకు, మూతపెట్టిన బిందె, సబ్బుతో కడిగిన చేయి, ఈ మూడింటి ముందు ఏ సూక్ష్మజీవి కవచమూ నిలువజాలదు.

సూక్ష్మజీవి తన బలమంతా ఒక జిగురుపొరలో దాచుకొన్నది. ఆ పొరను చదువుట నేర్చిన శాస్త్రజ్ఞుడు దానినుండియే టీకా తీసినాడు. ఆ పొరను కోయుట నేర్చిన ఫేజ్ దానిలోనుండియే దారి చేసికొన్నది. ఆ పొరను ఎన్నడూ చూడక, గుడ్డిగా మందు గుప్పించుట మాత్రం మన వీధులలో సాగుచున్నది. ఈ సంవత్సరం పట్టా పుచ్చుకొని వెళ్లే విద్యార్థులలో కొందరైనా సూక్ష్మజీవశాస్త్రం అభ్యసించి, దూరనగరాలలోనే స్థిరపడక, మన ఆసుపత్రుల ప్రయోగశాలలలో దీపం వెలిగించుటకు తిరిగివత్తురని ఆశించుచున్నాను. జ్వరపీడితుడైన బిడ్డను ఒడిలో పెట్టుకొని వచ్చిన తల్లికి "ఇది ఫలానా జీవి, దీనికి ఫలానా మందు పనిచేయును" అని నిశ్చయంగా చెప్పగల మనిషి మన రేపల్లెలో, మన బాపట్లలో ఉండవలెను.